మొలకెత్తే వడ్లు, మొరాయించిన కాక్

1954వ సంవత్సరం. నెల్లూరు జిల్లా కొత్త ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చిన మరుసటి ఏడు. ఆత్మకూరులో బస్సులు ఆగే చోటుకు కాస్త ఎడంగా, రేకుల కప్పు కింద నాకొక చిన్న రిపేరు షాపు ఉండేది. ఆయిలింజన్లు, రైసుమిల్లు బాయిలర్లు, అభ్రకం గనుల్లో నీళ్లు తోడే పంపులు, ఇలా పైపులో నీళ్లో ఆవిరో గాలో నడిచే యంత్రం ఏది మొరాయించినా నాకు కబురు వచ్చేది.

మాది దుత్తలూరు వైపు ఒక చిన్న పల్లె. మిషన్ బడిలో చదువుకున్నాను. మద్రాసులో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు పని నేర్చుకున్నాను. మా నాయనకు ఒంట్లో బాగుండక వెనక్కి వచ్చినవాణ్ణి ఇక్కడే స్థిరపడిపోయాను. పనిముట్ల పెట్టెను ఉదయగిరి బస్సు టాపు మీద వేసుకొని ఊరూరా తిరగడం నాకు సరదాగానే ఉండేది. ఏ మిల్లుకు పోయినా ముందు చెంబుడు మజ్జిగ, తర్వాత కాసేపు వాదన, ఆ తర్వాతే పని.

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో చేరే కుర్రవాళ్లు నన్ను బాల్ వాల్వుల గురించి అడుగుతుంటారు. బాల్ వాల్వు అంటే లోపల నడిమికి రంధ్రం ఉన్న గుండు ఒకటి ఉంటుంది. పిడిని పావు చుట్టు తిప్పితే ఆ రంధ్రం పైపుకు ఎదురుగా వచ్చి దారి తెరుచుకుంటుంది. మళ్లీ తిప్పితే అడ్డంగా తిరిగి మూసుకుంటుంది. ఆ రోజుల్లో మా వైపు మిల్లుల్లో గుండు బదులు ఇత్తడి బిరడా ఉండేది, పైన లావుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నంగా. దాన్ని ప్లగ్ అనేవాళ్లం. బిరడా, దాని ఇనుప తొడుగు, పిడి, అన్నీ కలిపితే కాక్. ఆకారం మారిందే గాని విప్పేటప్పుడు పడాల్సిన జాగ్రత్తలు మాత్రం అవే. అవి నాకు పుస్తకంలో చదివినట్టుగా కాక ఒంట్లోకి ఎక్కినట్టుగా తెలిసింది మాలకొండారెడ్డి గారి మిల్లులో.

ఆ మిల్లు ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్లే రోడ్డు పక్కన ఉండేది. రెడ్డిగారిది గట్టి గొంతు. ఆయన మామూలుగా మాట్లాడితే రోడ్డు మీద పోయే బండివాడు తననే పిలిచారనుకొని ఆగేవాడు. మిల్లులో ఊకతో మండే బాయిలర్ ఒకటి ఉండేది. పెద్ద ఇనుప పీపాను అడ్డంగా పడుకోబెట్టి చుట్టూ ఇటుక గోడ కట్టినట్టు ఉంటుంది. లోపల నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి పైపుల గుండా తొట్లలోకి పోయి వడ్లను ఉడికిస్తుంది. అలా ఉడికించి, ఎండబెట్టి, మరాడిస్తే వచ్చేదే ఉప్పుడు బియ్యం.

మా మెట్ట ప్రాంతపు నీళ్లలో సున్నం ఎక్కువ. రోజంతా మరిగిన నీళ్లలోంచి ఆ సున్నమూ మట్టీ బాయిలర్ అడుగున పేరుకుంటాయి. వాటిని బయటికి తోసెయ్యడానికి అడుగున ఉండేదే బ్లో-ఆఫ్ కాక్. రోజుకొకసారి దాన్ని కాసేపు తెరిస్తే లోపలి ఒత్తిడికి ఆ బురద అంతా పైపులోంచి బయటి గుంటలోకి చిమ్ముకుంటూ పోతుంది. ఎవరికీ కనపడని చోట, బాయిలర్ కింద ఒక గొయ్యిలో ఉంటుంది కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. రెడ్డిగారి మిల్లులోనూ గుర్తులేదు.

ఆ ఏడు కోతలైపోయి వడ్లు కళ్లాల్లో ఉండగా అకాల వర్షం పట్టుకుంది. వదలకుండా కురిసి, కుప్పలన్నిటినీ నానబెట్టి, తీరిగ్గా వెలిసింది. తడిసిన వడ్లు బస్తాల్లో వేడెక్కి మొలకలెత్తడం మొదలుపెడతాయి. వెంటనే ఉడికించేస్తే మొలక ఆగిపోతుంది. ఎండబెట్టి ఉప్పుడు బియ్యం చేసుకోవచ్చు. అందుకని చుట్టుపక్కల పల్లెల బండ్లన్నీ రెడ్డిగారి మిల్లు ముందు బారులు తీరాయి. సరిగ్గా ఆ పొద్దున బ్లో-ఆఫ్ కాక్ మొండికేసింది. మస్తానన్న బురద వదలడానికి తెరిచాడు. అది మళ్లీ పూర్తిగా మూసుకోకుండా మధ్యలో బిగుసుకుపోయింది.

మస్తానన్న ఆ మిల్లు డ్రైవరు. బాయిలర్‌ను మండించేదీ చూసుకునేదీ ఆయనే. ఉదయగిరి మనిషి. వాళ్లది కొయ్య గరిటెలూ చెంచాలూ చెక్కే ఇల్లు. నాకంటే పెద్దవాడు, మంచి స్నేహితుడు, తన బాయిలర్ గురించి ఎవరేమన్నా ఒప్పుకోనివాడు.

నేను బస్సు దిగేసరికి మిల్లు ఆవరణ తిరణాలలా ఉంది. రెడ్డిగారు ఎదురొచ్చారు.

“ఏందయ్యా దేవదానం, కబురంపింది ఎప్పుడు, నువ్వొచ్చింది ఎప్పుడు? బిన్నా రా. కాక్ పట్టేసి ఉండాది. నీళ్లు కారిపోతా ఉండాయి.”

గొయ్యి దగ్గర మస్తానన్న సుత్తి పట్టుకొని నిలబడి ఉన్నాడు. “రెండు దెబ్బలేస్తే తిరుగుద్దిరా. నేనెప్పుడూ అట్టనే తిప్పినాను. అయ్య నువ్వొచ్చిందాకా ఆగమంటే ఆగినాను” అన్నాడు, కొంచెం నిష్ఠూరంగా.

నేను ముందు బాయిలర్ ముఖం మీదున్న గాజు గొట్టం చూశాను. లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో అందులో కనపడుతుంది. పంపు ఆగకుండా నీళ్లు పోస్తున్నా ఆ మట్టం కొద్దికొద్దిగా దిగుతోంది. అంటే పోసే నీళ్లకంటే కారే నీళ్లు ఎక్కువ. మట్టం ఒక హద్దు దాటి దిగితే నిప్పు తగిలే ఇనుముకు నీటి అండ ఉండదు. ఎర్రగా కాలి మెత్తబడిపోతుంది. అప్పుడు బాయిలర్ పేలుతుంది. ఇక కాక్ చూద్దామని గొయ్యిలోకి వంగాను. తొడుగు పోత ఇనుముది. దాని అంచున ఇదివరకటి సుత్తి దెబ్బల గుర్తులు నిండా ఉన్నాయి.

“మస్తానన్నా, ఆ సుత్తి పక్కన పెట్టు” అన్నాను. “అయ్యా, ఆవిరి ఉన్నంతసేపు దీన్ని కొట్టకూడదు. పోత ఇనుము వంగదు, పగులుద్ది. పగిలిందంటే లోపల మరిగే నీళ్లన్నీ ఒక్కసారి ఈ గోతిలోకి వస్తాయి. నిప్పు లాగేద్దాం. చల్లారినాక విప్పి శుభ్రం చేసి పెడతా.”

“చల్లారేది ఎప్పుడు?”

“రేపు పొద్దునకు.”

రెడ్డిగారు నా మాటే తిరిగి అన్నారంతే. ఆయన గొంతు సంగతి చెప్పాను కదా, “రేపు పొద్దునకా!” అన్నది చివరి బండిదాకా వినపడింది. ఆవరణ అంతా ఒక్కసారి లేచింది.

అందరికంటే ముందు నా మీదికి వచ్చింది పెంచలమ్మ అనే ఆవిడ. చెరువు పక్క పల్లె మనిషి. భర్త మంచం పట్టి ఉన్నాడు. పంటలో పాలు ఇచ్చేట్టు కోరుకు తీసుకున్న కాస్త పొలం తనే పండించి, ఏడాది తిండి గింజలు బండికెత్తి తెచ్చింది. గుప్పెడు వడ్లు నా ముఖం ముందు పట్టుకొని చూపించింది. కొన్నిటికి తెల్లటి ముక్కులు పొడుచుకొస్తున్నాయి.

“రేపు పొద్దునకు నా వడ్లు నారుమడి అయిపోతాయి గదా అబ్బయ్యా! ఏం చేసేది? పెరికి తెచ్చి నీ షాపు ముందర నాటేదా?”

జనం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని నవ్వే సమయం కాదు. ఆవిడను గొయ్యి దగ్గరికి తీసుకెళ్లాను.

“అమ్మా, ఈ ఇనుప ముక్క చూడు. దీనికి అవతల ఇల్లంత నీళ్లు మరుగుతా ఉండాయి. సుత్తి దెబ్బకు ఇది పగిలితే ఆ నీళ్లన్నీ గోతిలో కూర్చున్న మనిషి మీద పడతాయి. గోతిలో కూర్చునేది మస్తానన్న.”

పెంచలమ్మ గొయ్యి వైపు, ఆ తర్వాత మస్తానన్న వైపు చూసింది. “ఏం మస్తానూ, నీకు బిడ్డలు ఎంతమంది?”

“నలుగురు.”

“మరి ఆ సుత్తి ఏంది చేతిలో? పారెయ్.” అని, రెడ్డిగారి వైపు తిరిగింది. “నిప్పు లాగించండయ్యా. నా వడ్లు పోతే గింజలు పోతాయి. ఆ బిడ్డల నాయన పోతే నువ్వు తెచ్చిస్తావా, నేను తెచ్చిస్తానా?”

మస్తానన్న సుత్తి నేల మీద పెట్టి, ఊక పడే తొట్టి మూసి, పొయ్యిలోంచి నిప్పు లాగడం మొదలుపెట్టాడు. రెడ్డిగారు ఒక బస్తా మీద కూలబడ్డారు. ఆ పెద్ద గొంతు మొదటిసారి చిన్నదైంది. “వీళ్లంతా నన్ను నమ్ముకొని వచ్చినారు దేవదానం. తిండి గింజలయ్యా అవి. నేనేం చెప్పేది వీళ్లకు?”

ఆయన అడిగినదానికి నా దగ్గర సగం జవాబే ఉంది. నిప్పు లాగినా లోపల ఆవిరి కాసేపు మిగిలే ఉంటుంది. దాన్ని ఊరికే గాల్లోకి వదలడం ఎందుకు? తొట్టిలోకి వదిలితే ఒత్తిడీ దిగుతుంది, ఒక తొట్టెడు వడ్లూ ఉడుకుతాయి. ఆ మాట చెప్పగానే మరో గొడవ. ఎవరి వడ్లు?

ఆ తీర్పు పెంచలమ్మే చెప్పింది. ఎవరినీ అడగలేదు. బండి బండికీ పోయి, బస్తా మూతి విప్పి, మోచేతిదాకా చెయ్యి దూర్చి, కాసేపు అట్టే ఉంచి, తీసి వాసన చూసి ముందుకు కదిలింది. ఒక బండి దగ్గర చెయ్యి చటుక్కున వెనక్కి లాగి, “ఇవి కాగిపోతా ఉండాయి. ముందు ఇవి” అంది. అవి వరికుంటపాడు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన వడ్లు. తన బండి వైపు ఆవిడ చూడనైనా లేదు. దాంతో తక్కినవాళ్లకు మాట్లాడే వీల్లేకపోయింది. ముసలాయన బస్తాలు తొట్టిలో పోశారు. మిగిలిన ఆవిరి వాటిలోకి వదిలాను.

ఆ తొట్టి అంచున నిలబడి, పొగలు కక్కే వడ్లను చూస్తూ పెంచలమ్మ తనలో తాను అన్నట్టు అంది. “నేనింట్లో కుండలో ఉడకేసుకుంటా గదా. దీనికి మిషనే కావాల్నా? పొయ్యీ, గిన్నే ఉంటే చాలదూ?”

రెడ్డిగారు బస్తా మీంచి లేచారు. “గిన్నెలా? ఎంతెంత గిన్నెలు?”

“మీ ఇంట పెళ్లికి పప్పు దేంట్లో వండినారు?”

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఉషారుగా ఉంటుంది. రెడ్డిగారింట్లోంచి గంగాళాలు వచ్చాయి. నేను మా పాస్టరుగారికి కబురంపితే, చర్చిలో పండగ విందుకు వాడే డేగిసా బండి మీద వచ్చింది. దాని వెనకే మస్తానన్న చెప్పి పంపితే మసీదు వాళ్ల బిర్యానీ డేగిసా వచ్చింది. ఎవరో చెరకు తోట దగ్గర్నుంచి బెల్లం వండే పెనం దొర్లించుకొచ్చారు. అన్నీ అయిపోయి, పెంచలమ్మ వంతుకు ఏమీ మిగల్లేదు. చివరికి ఆవిడ చాకలి బానను తెప్పించింది, బట్టలు ఉడకబెట్టేది.

“బట్టలుతికే సౌడు మట్టి వాసనొస్తే?” అన్నారెవరో.

“రెండుసార్లు తోమినా. వస్తే రానీ. బియ్యం మల్లెపూవు మాదిరి తెల్లగా వస్తాయి” అంది.

వాటికి పొయ్యిలు వేయించే పని నేను చూశాను. ఊక కుప్పకు దూరంగా, గాలి కుప్ప వైపు వీచని పక్కన తవ్వించాను. ఒక్కో పొయ్యి దగ్గర నిండు కుండ నీళ్లు పెట్టించాను. మిల్లులో ఊకకు కొదవ లేదు. మధ్యాహ్నానికి ఆవరణ పొగతో, పచ్చి వడ్లు ఉడికే వాసనతో నిండిపోయింది. పొట్టు పగిలిన వడ్లు తీసి నేల మీద పరుస్తున్నారు. వాన వెలిసిన ఎండ చురుక్కుమంటోంది. రెడ్డిగారు పంచె ఎగ్గట్టి ఒక డేగిసా దగ్గర నిలబడి కర్రతో కలుపుతూ అందరినీ అదిలిస్తున్నారు. బాయిలర్ సంగతి ఎవరూ అడగలేదు. అదే నాకు కావలసింది. యంత్రం చల్లారాలంటే మనుషులు దాన్ని మరిచిపోవాలి.

మర్నాడు పొద్దున్నే బాయిలర్ దగ్గరికి పోయాను. ఒత్తిడి చూపించే గేజి ముల్లు సున్నా మీద ఉంది. గాజు గొట్టంలో నీళ్లు కనపడలేదు. కింది పైపులోంచి రాత్రంతా కారిన నీళ్లు కూడా ఆగిపోయాయి. మస్తానన్న నాకంటే ముందే లేచి, గొయ్యిలోకి దిగి, కాక్ ముందు బోర్లా పడుకొని, ప్లగ్‌ను పట్టి ఉంచే నట్టుకు స్పానర్ తగిలించాడు.

“మస్తానన్నా, ఆగు. పైకి రా.”

“మళ్లీ ఏందిరా?”

“లోపల ఖాళీ అయిందో లేదో చూడాలి.”

ఆయనకు కోపమొచ్చింది. నిన్నటి సుత్తి సంగతి ఇంకా మనసులో ఉన్నట్టుంది. “గేజి సున్నా చూపిస్తా ఉండాది. గొట్టంలో నీళ్లు లేవు. కారేది ఆగిపోయింది. ఇంకా ఏం చూడాల? నీ మాదిరి పనిచేస్తే ఈ కాక్ విప్పేది నా మనవడు.”

“ఆగిపోయింది గదా, ఎందుకు ఆగిందో నాకు తెలవడం లేదు. అందుకే పైకి రమ్మంటా ఉండా.”

విసుక్కుంటూ వచ్చాడు. ఇద్దరం బాయిలర్ పైకెక్కాం. ముందు పైనున్న చిన్న గాలి కాక్ తెరిచాను. ఆవిరి రాలేదు. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు మాత్రం వచ్చింది. అప్పుడు మ్యాన్‌హోల్ మూత బోల్టులు వదులు చేసి తీశాం. మనిషి దిగడానికి బాయిలర్ పైన ఉండే కంత అది. ముఖానికి వెచ్చటి గాలి కొట్టింది. లోపల చీకటి. ఒక పొడుగాటి వెదురు కర్ర తెప్పించి అడుగుదాకా దించి, పైకి లాగి మస్తానన్న చేతికిచ్చాను.

కర్ర చివర మోకాలెత్తున తడిసి ఉంది. ఆయన తడిచోట చెయ్యి వేసి, చటుక్కున తీసేశాడు. నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. చుట్టూ ఉన్న ఇటుక గోడ ఆ వేడిని పట్టి ఉంచింది.

గాజు గొట్టం అడుగుదాకా ఉండదు. మట్టం గొట్టం కంటే కిందికి దిగితే నీళ్లున్నా అందులో కనపడవు. గేజి ఒత్తిడిని చూపిస్తుందే గాని నీటిని చూపించదు. కింద కారడం ఆగింది నీళ్లు అయిపోయి కాదు. పెచ్చులుగా ఊడిన సున్నం బురదతో కలిసి కాక్ మూతికి బిరడాలా అడ్డం పడింది. మస్తానన్న నట్టు తీసి ప్లగ్ లాగి ఉంటే ఆ అడ్డు కదిలేది. ఆ నీళ్లన్నీ బోర్లా పడుకున్న మనిషి ముఖం మీదికి, గుండెల మీదికి వచ్చేవి. గొయ్యిలోంచి లేచే సందు కూడా ఉండదు.

మస్తానన్న ఆ కర్రను మూత పక్కన ఆనించాడు. తర్వాత నా వైపు చూడకుండా, “మా ఇంట్లోది ఎప్పుడూ అంటా ఉంటది, నువ్వు ఆ మిల్లులో ఉడికిపోతావు అని. ఆ మాట నిజం చేసేవాణ్ణి” అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

ఇక ఆ నీళ్లు పైనుంచే తోడాలి. కబురు తెలియగానే ఆవరణలో ఉన్నవాళ్లంతా వచ్చి బాయిలర్ నుంచి గేటుదాకా వరసగా నిలబడ్డారు. తాడు కట్టిన బకెట్లు దించి తోడి, చేతులు మార్చుకుంటూ బయటి గుంటలో పోశారు. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. వేణ్ణీళ్లు వృథాగా పోతున్నాయని, వడ్లు నానబెట్టుకుంటామని కొందరు అడిగారు గాని నేను ఒప్పుకోలేదు. కర్ర మళ్లీ దించితే అడుగున బురద తప్ప నీళ్లు తగల్లేదు. అప్పుడు ఆ బురద ఎత్తించి, కాక్ మూతికి పడిన అడ్డును పైనుంచే కర్రతో పొడిచి విడగొట్టాం. అడుగున మిగిలిన నీళ్లు బుడబుడమంటూ పైపులోంచి పోయాయి.

అంతా అయ్యాక మస్తానన్నే గొయ్యిలోకి దిగాడు. ఈసారి బోర్లా పడుకోలేదు. పక్కకు ఒదిగి కూర్చొని, ముఖం తిప్పుకొని, నట్టును పూర్తిగా తియ్యకుండా కాస్త వదులు చేసి ఆగాడు. కొయ్య సుత్తితో అడుగునుంచి మెల్లగా తట్టాడు. ప్లగ్ టక్కుమని కదిలింది. దాని రంధ్రంలో నిలిచిపోయిన నీళ్లు గ్లాసెడు బయటికి వచ్చి నేల మీద పడ్డాయి. ఇప్పటి బాల్ వాల్వు గుండులోనూ ఇలాగే నీళ్లో ఆవిరో చిక్కుకొని ఉంటుంది, ఒక్కోసారి ఒత్తిడితో సహా. అందుకే విప్పే ముందు పైపులో ఒత్తిడి లేదని తేల్చుకొని, పిడిని సగం తెరిచి లోపలిదాన్ని పోనివ్వాలని కుర్రవాళ్లకు చెబుతుంటాను.

ప్లగ్ బయటికి తీస్తే ఇత్తడి కనపడలేదు. అంతా తెల్లటి సున్నపు చెక్కు. మస్తానన్న కత్తి అందుకోబోయాడు. వద్దన్నాను. ప్లగ్ తొడుగులో అంటుకు కూర్చోవాలి. కత్తితో ఒక్క గీత పడినా ఆ గీత వెంటే ఆవిరి దారి చేసుకుంటుంది. ఇత్తడికంటే మెత్తనిదీ, సున్నం కంటే గట్టిదీ కావాలి.

“కొయ్య అయితే?” అన్నాడు మస్తానన్న.

ఒక పొయ్యి దగ్గర ఉదయగిరి గరిటె ఉంటే తెచ్చి, కాడను కత్తితో చెక్కడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు బాయిలర్ దగ్గర ఎప్పుడూ మొరటుగానే కనపడేవి. గరిటె చేతికి రాగానే వేరే మనిషి అయిపోయాడు. చూస్తుండగానే అంచు పలచబడి, ప్లగ్ వంపుకు సరిపోయే బద్ద తయారైంది. పెంచలమ్మ చింతపండు పిసికి చట్టినిండా పులుసు తెచ్చింది. “బిందెలు తోమేది దీంతోనే గదా” అంది. ప్లగ్‌ను అందులో నానేశాం. చెక్కు బుసబుసమని మెత్తబడింది. కొయ్య బద్దతో గీకితే పెచ్చులుగా లేచి, కింద ఇత్తడి బంగారంలా బయటపడింది.

దాన్ని కడిగి ఆరబెట్టి, దీపపు మసి పలచగా పూసి తొడుగులో పెట్టి తిప్పి తీశాను. మసి ఎక్కడ చెరిగితే అక్కడ రెండూ తగులుతున్నట్టు. చెరగని చోట్లూ తగలడానికి సన్నటి ఎమరీ పొడి, నూనె కలిపి రాసి, తొడుగులో అటూ ఇటూ తిప్పుతూ నూరాను. ఈ పనికి ఓపిక కావాలి. మస్తానన్న, నేను వంతులు వేసుకున్నాం. మసి చుట్టూ ఒక్కలా చెరిగేదాకా చేసి, నూరిన పొడి కాస్తయినా మిగలకుండా కిరసనాయిలుతో కడిగాం. కొవ్వు రాసి బిగించాం. పిడి చేతి బలంతో తిరిగేటంత బిగువే ఉంచాం. తొడుగుకు పగుళ్లేమన్నా ఉన్నాయేమోనని కిరసనాయిలు రాసి, తుడిచి, సున్నం పూసి చూశాను. పగులుంటే సున్నం మీద తడి గీతలా పైకి తేలుతుంది. ఏమీ తేలలేదు. సుత్తి దెబ్బలు తిన్నా నిలబడిందంటే మస్తానన్న అదృష్టమే.

ముందు చన్నీళ్లు నింపి చూశాం. చుక్క కారలేదు. తర్వాత నిప్పు వేశాం. ఆవిరి పట్టాక, బయటి గుంట దగ్గర ఎవరూ ఉండొద్దని కేకేసి, మస్తానన్నను కాక్ తెరవమన్నాను. ఆయన రెండు వేళ్లతో పిడి పట్టుకొని మెల్లగా పావు చుట్టు తిప్పాడు. గుంటలోంచి హోరున ఆవిరి లేచింది. ఎడ్లు బెదిరి మెడలు విసిరాయి. నా కేక అందరికీగాని తనకు కాదనుకొన్న రెడ్డిగారు గుంట ఒడ్డునే నిలబడి ఉన్నారు. ఒళ్లు కాలేంత దగ్గర లేరుగాని, తెల్లటి పంచె మాత్రం నడుందాకా ఎర్ర బురద చుక్కలతో ముద్రగుడ్డలా తయారైంది. ఆయన తన పంచె చూసుకొని, మమ్మల్ని చూసి, మళ్లీ పంచె చూసుకొని, ఆత్మకూరుదాకా వినపడేటట్టు నవ్వారు. మస్తానన్న పిడి వెనక్కి తిప్పాడు. చప్పుడు కోసినట్టు ఆగిపోయింది.

గంగాళాలకు అందక మిగిలిన వడ్లన్నీ ఆ రోజే తొట్లకెక్కాయి. కొంత పాడైన మాట నిజం, కాని వట్టి చేతులతో ఇంటికి పోయినవాళ్లు లేరు. తర్వాత కొన్నాళ్లకు పెంచలమ్మ మా షాపుకు వచ్చి ఒక చిన్న మూట ఇచ్చింది. చాకలి బానలో ఉడికిన వడ్ల బియ్యం. “సౌడు వాసన రాలేదబ్బయ్యా. ఉతికిన మాదిరి ఉండాయి, చూడు” అంది. వండుకొని తిన్నాం. వాసన కొద్దిగా వచ్చింది. ఆవిడకు చెప్పలేదు.

మద్రాసు వర్క్‌షాపులో నాకు నేర్పింది ప్రమాదం ఉంటే పని ఆపమని. అది సరైన పాఠమే. కాని ఆపినవాడి ఎదుట నిలబడ్డ మనుషులకు వేరే దారి చూపించకపోతే, వాళ్ల తొందర తిరిగి తిరిగి ఎవరో ఒకరి చేత సుత్తి పట్టిస్తుందని ఈ మిల్లులోనే తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏ మిల్లుకు పోయినా, ఏ గనికి పోయినా, “ఇది ఆగినంతసేపు మీకు ఏం కావాల?” అని ముందే అడిగేవాణ్ణి. ఆ సంగతి తేలితే తక్కిన పని నింపాదిగా, ఒక పద్ధతిలో సాగేది. ఇక కారడం ఎందుకు ఆగిందో తెలియనప్పుడు అది ఇంకా కారుతున్నట్టే లెక్క అని మస్తానన్నా నేనూ ఇద్దరం నేర్చుకున్నాం.

మరుసటి ఏడు పైర్లు ఇంకా పచ్చగా ఉండగానే రెడ్డిగారు నాకు కబురంపారు. ఏం పాడైందోనని కంగారుగా బస్సెక్కి పోయాను. బాయిలర్ చల్లగా ఉంది. మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. మస్తానన్న అప్పటికే లోపల నీళ్లన్నీ తోడించి కూర్చున్నాడు.

“ఏం పాడైందయ్యా?” అని అడిగాను.

“ఏం పాడు కాలా” అన్నారు రెడ్డిగారు. “అందుకే పిలిచినా.”

పాడైనాక పిలిచేవాళ్లను నా వృత్తిలో లెక్కలేనంతమందిని చూశాను. పాడు కాకముందే పిలిచిన మొదటి మనిషి ఆయనే.